చెరిపేసిన బుధవారం

“నిన్నటి పాఠం ఏది?” అని అత్తగారు మూడోసారి అడిగారు.

వంటింట్లో డబ్బాలు సర్దుతున్న కోడలి చేతిలోంచి మూత జారి గట్టు మీద గింగిరాలు తిరిగింది. ముందుగదిలో మామగారు పేపరు వెనక మరికాస్త దాక్కున్నారు. ఆయన చదువుతున్నది నిన్నటి పేపరని వంటింట్లోంచే కనబడుతోంది.

అత్తగారు బల్ల ముందు కూచుని ఉన్నారు. స్కూలుకు తయారై, గడియారం పెట్టుకుని, చెప్పులు కూడా వేసేసుకున్నారు. ఎదురుగా స్కూలువాళ్ళిచ్చిన ట్యాబ్. ఇరవై తొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఒక్క చూపుతో క్లాసు మొత్తాన్ని కూచోబెట్టగల మనిషి. ఆ పలక మీద పైకీ కిందికీ వేలు జరుపుతూనే ఉన్నారు.

“నిన్నటిదే కాదు, మొన్నటిదీ లేదు. ఎనిమిదో తరగతి పాఠాల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు,” అన్నారు. “మొత్తం ఖాళీ.”

“నెట్ సరిగ్గా లేదేమో అత్తయ్యా. ఒక్కోసారి కనబడవు. స్కూలుకు వెళ్ళాక చూస్తాను,” అంది కోడలు.

అబద్ధం చెప్పడం చేతకానివాళ్ళు చెప్పే అబద్ధంలాగే ఉంది ఆ మాట. అదే స్కూల్లో కంప్యూటర్ టీచరు తను. ఎనిమిదో తరగతి గోడకు ఆ పెద్ద తెర బిగించిందీ, అత్తగారు పాఠం చెబుతుంటే తెర మీద గీసిందీ నోటితో చెప్పిందీ అంతా రికార్డయి ట్యాబ్‌లో చేరే ఏర్పాటు చేసిందీ తనే. రానివాళ్ళు ఇంటి దగ్గర చూసుకుంటారని, వచ్చినవాళ్ళు మళ్ళీ ఒకసారి వింటారని హెడ్మిస్ట్రెస్ దగ్గర గంటసేపు వాదించి ఒప్పించిందీ తనే. ప్రతి మంగళవారం సాయంత్రం ఆ ట్యాబ్ తన గదిలోకి తెచ్చుకుని, ఆ వారం పాఠాల మీద పది ప్రశ్నలు తయారుచేసి, బుధవారం పిల్లల చేత వాటికి జవాబులు నొక్కిస్తుంది. పాఠాలు కనబడకపోవడానికీ అసలు లేకపోవడానికీ తేడా తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇవి లేవు. ఎవరో పనిగట్టుకుని చెరిపేశారు.

ఎవరన్న ప్రశ్నకు జవాబు ముందుగదిలో పాత పేపరు పట్టుకుని కూచుంది. కోడలికి ఆ జవాబు వైపు తల తిప్పాలంటే భయంగా ఉంది. ఎందుకంటే నిన్న సాయంత్రం ఆయన చెవిన ఆ సంగతి వేసింది తనే. శుక్రవారం పది పన్నెండు స్కూళ్ళ టీచర్లు తమ స్కూలుకొస్తున్నారు, ‘తెర మీద పాఠం ఎలా చెప్పాలి’ అన్నది చూడ్డానికి. వాళ్ళకి అత్తగారి పాఠమే చూపించాలని హెడ్మిస్ట్రెస్ పట్టుబట్టింది. అందులో మంచిదాన్ని ఏరుదామని నిన్న తన ఫోన్లో మంగళవారం పాఠం చూసింది. సర్వసమాన త్రిభుజాలు. అత్తగారు ఒక త్రిభుజాన్ని వేలితో జరుపుకుంటూ తీసుకెళ్ళి రెండోదాని మీద పెట్టగానే రెండూ ఒక్కటైపోయాయి. ముప్ఫైనలుగురు పిల్లలూ “ఓ” అన్నారు. చాలా బాగుంది అనుకుని బుధవారంది తెరిచింది.

మళ్ళీ అదే పాఠం. అవే త్రిభుజాలు, అవే మాటలు, మధ్యలో అదే హాస్యం. తేడా ఒక్కటే. అత్తగారి వేలు ఇంకా సగం దారిలో ఉండగానే పిల్లలు “ఓ” అన్నారు.

ఆ కంగారులో వెళ్ళి మామగారికి చెప్పేసింది.

“ఇవాళ నేను స్కూలుకు వెళ్ళను,” అన్నారు అత్తగారు ఉన్నట్టుండి.

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నూటరెండు జ్వరంతో వెళ్ళిన మనిషి. కొడుకు పెళ్ళినాడు కూడా మధ్యాహ్నం దాకా పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. ఆ కొడుకు క్యాంపుకు వెళ్ళి ఆదివారానికి గానీ రాడు. ఉంటే ఈ మాట విని నవ్వి, ఏదో వేళాకోళం ఆడేవాడు. ఇప్పుడు నవ్వడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మామగారు పేపరు దించారు. “మంచి మాట. వెళ్ళకు. రేపూ వెళ్ళకు,” అన్నారు.

“రేపు బయటివాళ్ళు వస్తున్నారు.”

“వస్తే రానీ. నీకేం పని వాళ్ళతో? అసలు నన్నడిగితే మానెయ్. ఇంకెన్నాళ్ళు చేస్తావు? హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు.”

ఆయన ఆ మాట మామూలుగానే అందామనుకున్నారు పాపం. మాట మాత్రం మామూలుగా రాలేదు. అత్తగారు ట్యాబ్ పక్కన పెట్టి ఆయన వైపు చాలాసేపు చూశారు. ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో ఆయన ఆవిడని ఏనాడూ ఉద్యోగం మానెయ్యమనలేదు. పైగా పదిమందిలో ‘మా ఇంట్లో లెక్కలొచ్చిన మనిషి ఒక్కతే’ అని చెప్పుకుని మురిసిపోయేవారు.

“ఎందుకు మానాలి?”

“వయసు మీద పడటం లేదూ?”

“ఎవరికి? నాకా, మీకా?”

ఆవిడ ఆ మాట అన్నప్పుడల్లా ఆయన నవ్వాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. ఆయన నవ్వలేదు.

“ఎందుకో చెప్పండి,” అన్నారావిడ. ఈసారి గొంతు చిన్నదైంది. “మీకేమైనా తెలిసిందా?”

మామగారి నోట్లో పచ్చివెలక్కాయ పడింది. ఏం తెలియాలి, ఏమీ తెలియలేదు, ఊరికే అన్నాను, దానికే ఇంత రాద్ధాంతమా అని గొణిగి మళ్ళీ పేపరెత్తారు. ఈసారి తలకిందులుగా ఎత్తారు. అత్తగారు అది చూశారు. కోడలూ చూసింది.

కాసేపటికి అత్తగారు లేచి, ట్యాబ్ సంచిలో పెట్టుకుని, తన డబ్బా తను తీసుకుని, వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆవిడ మొదటి గంటకు పావుగంట ముందుండాలి. కోడలికి మొదటి పీరియడు ఖాళీ, అరగంట తర్వాత బయల్దేరినా సరిపోతుంది. ఆ అరగంట కోసమే ఇద్దరూ ఎదురుచూస్తున్నారని ఇద్దరికీ తెలుసు.

“మామయ్యా, మీరేనా?”

ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టారు. “నేనే.”

“అన్నీనా?”

“అన్నీ. చెత్తబుట్టలోకి పోతాయి కదా, అందులోంచి కూడా తీసేశాను. నువ్వే కదమ్మా నేర్పావు.”

నేర్పింది. ఆయన రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోవడం లేదంటే, మీ ఆవిడ పాఠాలు మీరూ వినండి మామయ్యా అని ఆయన ఫోన్లో అవి వచ్చేలా పెట్టింది. ‘చూడటానికి మాత్రమే’ అన్నచోట నొక్కాల్సింది. తొందరలో ఆ కింద ఉన్న ‘అన్ని హక్కులు’ నొక్కేసింది. కంప్యూటర్ టీచరు చెయ్యకూడని పని. ఏముందిలే, మామయ్యే కదా అనుకుంది. ఆయన రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక కళ్ళజోడు తుడుచుకుని, పెళ్ళానికి శిష్యుడై కూచునేవారు. ఎదురింటి ఆవిడ ఏం చూస్తున్నారని అడిగితే సీరియల్ అని చెప్పేవారు.

“ఎందుకు చేశారు మామయ్యా?”

మామగారు ముప్ఫై అయిదేళ్ళు ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. తప్పు కనబడితే ఆ చేతికి ఊరుకోవడం రాదు. పెళ్ళిపిలుపు కార్డు ఇంటికొస్తే పిలిచింది ఎవరో చూసేముందు అందులో తప్పులు దిద్దుతారు. ఆయన లేచి వెళ్ళి పుస్తకాల అలమర వెనకనుంచి చిన్న నోటుపుస్తకం తెచ్చి కోడలి చేతిలో పెట్టారు.

“చూడు. నువ్వు నిన్న ఒకటి చూసి బెదిరిపోయావు. నేను అర్ధసంవత్సరం పరీక్షల ముందు నుంచీ చూస్తున్నాను.”

ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, వారం, ఎన్నో నిమిషం, ఏం జరిగింది. ‘ముందురోజు పాఠమే మళ్ళీ మొదలు.’ ‘నాలుగో నిమిషం: అప్పచెప్పిన లెక్కలు గుర్తులేవు, పిల్లలు చెప్పారు.’ ‘మళ్ళీ అదే పాఠం. పిల్లలు కిమ్మనలేదు.’ మార్జిన్లో ప్రెస్సు గుర్తులు, సున్నాలు, బాణాలు. మొత్తం పదకొండు తేదీలు.

“అచ్చయ్యాక తప్పు బయటపడితే లోకమంతా నవ్వుతుందమ్మా,” అన్నారాయన. “అచ్చుకు వెళ్ళకముందే కొట్టెయ్యాలి. రేపు అంతమంది టీచర్లు కూచుని, ఆ గోడమీద మీ అత్తయ్యని అంతెత్తున చూస్తూ గుసగుసలాడుకోవడం నేను బతికుండగా జరగనిస్తానా?”

“అది తప్పు కాదు మామయ్యా. జబ్బు.”

ఆ ఇంట్లో ఆ మాట మొదటిసారి వినబడింది. మామగారు కుర్చీ చేయి పట్టుకుని నెమ్మదిగా కూచున్నారు. బయట చెత్తబండి వచ్చి, గంట కొట్టి, ఎవరూ రాకపోతే వెళ్ళిపోయింది.

“తెలుసు,” అన్నారు చివరికి. “వాళ్ళమ్మకీ ఇంతే. యాభై ఎనిమిదో ఏట మొదలైంది. చివరికి మీ అత్తయ్యనే ఎవరమ్మా నువ్వు అనేది. ఇది పైకి చెప్పొద్దు. తనకి తెలిస్తే ఆ భయంతోనే సగమైపోతుంది. తెలియనన్నాళ్ళు తెలియకుండానే ఉండనీ.”

దాచితే ఎన్నాళ్ళు దాగుతుంది, డాక్టరుకు చూపించొద్దా అని కోడలు నిలదీసింది. ఆదివారం కొడుకు రానీ అన్నారాయన. ఆదివారం దాకా ఏం చేద్దామంటే మడిచిన పేపరు మళ్ళీ విప్పారు. మాటకు మాట పెరిగింది. నువ్వు ఆ తెరలూ ట్యాబులూ తెచ్చిపెట్టకపోతే ఇదంతా నలుగురి నోళ్ళలో పడే ప్రమాదమే ఉండేది కాదని ఆయన ఒక మాట అనేశారు. కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వెంటనే నాలిక్కరుచుకున్నారు గానీ అన్నమాట అన్నట్టే ఉండిపోయింది.

వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచారు. “ఆ పుస్తకం నీ దగ్గరే ఉంచు. ఇంట్లో ఉంటే ఎప్పుడో తన కంటపడుతుంది.”

కోడలు దాన్ని సంచిలో వేసుకుంది. వేసుకుంటూ ఒక్కటి గమనించింది. పదకొండు తేదీల పక్కనా ఒకటే వారం. బుధ, బుధ, బుధ.

“అన్నీ బుధవారాలే ఏంటి మామయ్యా?”

“నేనూ అదే అనుకున్నాను. ఆ రోజుకీ మీ అత్తయ్యకీ పడదేమో.”

స్కూలు చేరాక కోడలు కంప్యూటర్ల గదిలో తలుపు దగ్గరగా వేసుకుని చెరిగిపోయిన పాఠాలు వెనక్కి తెచ్చే ప్రయత్నం మొదలుపెట్టింది. తనకు తెలిసిన దారులన్నీ వెతికింది. తెలియనివి కూడా వెతికింది. మామగారు దేనిలోనూ సగం పని చెయ్యరు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉత్తరం రాస్తే, మూడు రోజుల్లో ప్రయత్నిస్తాం, వస్తాయని హామీ ఇవ్వలేం అని జవాబొచ్చింది. మూడో రోజంటే ఆదివారం. అన్నీ ఆదివారానికే వాయిదా పడుతున్నాయి.

మధ్యలో రెండుసార్లు ఏదో వంక పెట్టుకుని కారిడార్లోకి వెళ్ళి చూసింది. అత్తగారు ఆరో తరగతిలో మామూలుగానే ఉన్నారు. సుద్దముక్కతో బోర్డు మీద లెక్క చేసి, వెనక బెంచీలో గుసగుసలాడే పిల్లని తిరక్కుండానే పేరుపెట్టి లేపారు. లెక్కల్లో ఆవిడకి పొల్లు పోదు. ఎంత పెద్ద లెక్కైనా నోటితో చేసేస్తారు. పోయేది నిన్న ఒక్కటే.

ఎనిమిదో తరగతి మధ్యాహ్నం మొదటి పీరియడు. ఇంటర్వెల్ గంట కొట్టిన రెండు నిమిషాలకి అత్తగారు కంప్యూటర్ల గదిలోకొచ్చి తలుపు గడియ పెట్టారు.

“దొరికాయా, కంప్యూటర్ టీచర్ గారూ?”

స్కూల్లో ఆవిడ ఎప్పుడూ అలాగే పిలుస్తారు. గారు, మీరు. మొదట్లో స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వారు. ఇల్లు ఇల్లే, బడి బడే అన్నారావిడ. ఆ పద్ధతి ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

కోడలు తల అడ్డంగా ఊపింది.

అత్తగారు పిల్లలు కూచునే పొట్టి స్టూలు లాక్కుని కూచున్నారు. చీకటి గదిలోకి వచ్చి గోడ తడుముకునే మనిషిలా చుట్టూ చూశారు. ఈసారి ‘మీరు’ అనలేదు.

“ఆ పాఠాలు పిల్లల కోసమని నువ్వు పెట్టావు. పిల్లలు చూస్తున్నారో లేదో నాకు తెలియదు. నేను చూస్తున్నాను. రోజూ ఐదింటికి లేచి, దొడ్డివైపు గదిలో కూచుని, చప్పుడు వినబడకుండా చెవుల్లో పెట్టుకుని చూసుకుంటున్నాను. నిన్న క్లాసులో నేనేం చెప్పానో తెలుసుకోవాలి కదా, లేకపోతే ఇవాళ ఏం చెప్పను?”

కోడలు కీబోర్డు పక్కకు నెట్టింది.

“ముందు డైరీ ఉండేది. ఇరవై తొమ్మిదేళ్ళ డైరీలు అటకమీద ఉన్నాయి. ఈ ఏడు ఇక డైరీ రాయక్కర్లేదు, వీడియో ఉందిగా అని నువ్వే అన్నావు. హెడ్మిస్ట్రెస్ సరేనంది. రాస్తానంటే ఎందుకని అడుగుతారు. ఊరుకున్నాను. వీడియో డైరీ కన్నా నయమే. అందులో నా మొహం కూడా కనబడుతుంది. ఆ రోజు నేను బాగున్నానో లేదో తెలుస్తుంది.”

“ఎప్పట్నుంచి అత్తయ్యా?”

“వేసవి సెలవుల తర్వాత నుంచి. ఇరవై ఏళ్ళ కిందటిది అడుగు, చెబుతాను. నిన్నటిది మాత్రం తెల్లారేసరికి ఉండదు. ఒక్కోరోజు ఉంటుంది. ఉంటుందో ఉండదో ముందు తెలియదు, అదే భయం.” ఆవిడ తన రెండు చేతులూ ఒకదాంట్లో ఒకటి బిగించుకున్నారు. “మా అమ్మకీ ఇలాగే. మీ మామయ్యకి చెప్పకు. ఆయన తట్టుకోలేరు.”

ఒకరికి తెలియకుండా ఒకరు ఒకటే భయాన్ని కొంగుచాటున దాచుకుని, ఒకే కప్పు కింద, ఒకే బల్ల మీద తింటున్నారు వీళ్ళిద్దరూ. కోడలికి గట్టిగా ఏడవాలనిపించింది. అంతలో ఇంకొకటి తట్టింది.

“బుధవారాలు...” అంది.

“అవును. మంగళవారం సాయంత్రం నువ్వు ట్యాబ్ పట్టుకెళ్ళి బుధవారం స్కూల్లో ఇస్తావు. ఆ పొద్దున నాకు చూసుకోవడానికి ఉండదు. అందుకని బుధవారం క్లాసులోకి అడుగు పెట్టాలంటే నాకు గుండెలు పీచుపీచుమంటాయి. గురువారం పొద్దున చూసుకుంటే తెలుస్తుంది, చెప్పిందే చెప్పానని.”

“నన్నడగొచ్చుగా అత్తయ్యా. ఒక్క మాట అడిగితే ట్యాబ్ ఇచ్చేదాన్ని.”

“ఎందుకని అడిగేదానివి.”

అంతే. ఆవిడ ఆ మాట ఫిర్యాదుగా అనలేదు. లెక్కలో ఒక మెట్టు తర్వాత ఇంకో మెట్టు చెప్పినట్టు చెప్పారు. కోడలు తన ఒళ్ళోని సంచిని రెండు చేతులా పట్టుకుంది. అందులో మామగారి నోటుపుస్తకం ఉంది. ఆ పదకొండు తప్పుల్లో ఒక్కటి కూడా అత్తగారిది కాదు. పదకొండూ తనవి.

“ఇప్పుడు బుధవారమే కాదు, ఏ రోజూ లేదు,” అన్నారు అత్తగారు. “ఇంకాసేపటికి ఎనిమిదో తరగతి. నిన్న నేనేం చెప్పానో నాకు తెలియదు. నువ్వు చూసి ఉంటావుగా. చెప్పు, నిన్న ఎక్కడ ఆపాను?”

ఏం చెప్పాలి? మంగళవారం చెప్పిందే నిన్నా చెప్పారు అనాలి. ఆ మాట ఎంత మెత్తగా అనాలో వెతుక్కుంటుండగానే ఎవరో తలుపు తట్టారు. ఒకసారి కాదు, వరసగా.

గడియ తీస్తే హెడ్మిస్ట్రెస్. నిన్నంతా పైఆఫీసులో మీటింగుకు వెళ్ళి రాత్రికి తిరిగొచ్చిన మనిషి, ముఖంలో అలసట కన్నా సంబరం ఎక్కువగా ఉంది. వెనక పదిమంది దాకా కొత్తవాళ్ళు. రేపు రావలసినవాళ్ళు ఇవాళే దిగబడ్డారు. రేపు వాళ్ళకింకో స్కూలు పడిందట. రికార్డులూ అవీ వద్దు, లెక్కల టీచర్ గారి క్లాసే కళ్ళారా చూస్తామన్నారట. మధ్యాహ్నం పీరియడును ముందుకు జరిపి ఎనిమిదో తరగతిని కూచోబెట్టేశారట. ఆవిడ ఇవన్నీ ఒక్క గుక్కలో చెప్పి, అత్తగారి మోచెయ్యి పట్టుకుని కారిడార్లోకి నడిపించేసింది.

కోడలు ట్యాబ్, వైరు పట్టుకుని వెనక పరిగెత్తింది. మధ్యలో కొత్త టీచర్లు, ఇరుకు మెట్లు. ఒక మలుపు దగ్గర అత్తగారు వెనక్కి తిరిగి చూశారు. ఆ చూపు కోడలికి అందింది. నోటుపుస్తకం ఇచ్చేస్తే చాలు, నిన్నటి తేదీ దగ్గర అంతా ఉంది. సంచిలోంచి సగం బయటికి తీసింది కూడా. అట్ట తెరవగానే ఆ ముత్యాల అక్షరాలు. ఆ చేతిరాత అత్తగారు చీకట్లో కూడా గుర్తుపడతారు. భర్త తన తప్పులకు తేదీలు వేసి దాచాడని ఈ మెట్ల మీద, ఇంతమందిలో తెలియాలా?

కోడలి చెయ్యి అక్కడ ఆగిపోయింది. ఆగినంతసేపట్లో అందరూ క్లాసు చేరిపోయారు.

కొత్తవాళ్ళు వెనక గోడ పొడుగునా కుర్చీల్లో సర్దుకుని కాగితాలూ పెన్నులూ తీశారు. కోడలు వైరు బిగించింది. తెర వెలిగింది. ట్యాబ్ మూల ఎర్రచుక్క వచ్చింది. రికార్డవుతోంది. అత్తగారి చెవిలో ఒక్క మాట వేద్దామని వంగేసరికి హెడ్మిస్ట్రెస్ అతిథులకి తనని పరిచయం చెయ్యడానికి వెనక్కి పిలిచింది.

అత్తగారు పిల్లల ముందు నిలబడ్డారు. వీపు నిటారుగా ఉంది. చేతులు వెనక్కి కట్టుకున్నారు.

“పుస్తకాలు మూసెయ్యండి,” అన్నారు. “నిన్న మనం ఏం నేర్చుకున్నామో ఎవరు చెబుతారు?”

వెనక ఒకాయన మెచ్చుకోలుగా తలాడిస్తూ ఏదో రాసుకున్నాడు. ముందురోజుది పిల్లల చేతే చెప్పించి మొదలుపెట్టడం మంచి పద్ధతే మరి. కోడలు పిల్లల వైపు చూసింది. అవును, ఇది చాలు. ఒక్క పిల్ల త్రిభుజాలు అంటే చాలు, అక్కణ్ణుంచి ఆవిడ అల్లుకుపోతారు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

ముప్ఫైనలుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో వాళ్ళు మాట్లాడుకోవడం కోడలికి కనబడింది. ఈ పిల్లలు నెలల తరబడి చెప్పిందే చెప్పినా రాసుకున్నవాళ్ళు, సరిగ్గా ఎక్కడ ఆశ్చర్యపోవాలో అక్కడ ఆశ్చర్యపోయినవాళ్ళు. నిన్న త్రిభుజాలంటే, మరి మొన్న ఏం చెప్పారని ఆ వెనక కూచున్నవాళ్ళు అడుగుతారు. అప్పుడు టీచర్ దొరికిపోతారు. వాళ్ళ లెక్క అది. వాళ్ళకి లెక్కలు బాగా చెప్పింది కూడా ఆవిడే.

మొదటి బెంచీలోంచి కళ్ళద్దాల పిల్ల లేచింది. క్లాసు లీడరు. ఒకసారి వెనక కుర్చీల వైపు చూసి, గొంతు సవరించుకుంది.

“నిన్న మీరు రాలేదు టీచర్,” అంది. “ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టారు. మొన్న త్రిభుజాలైపోయాయి. ఇవాళ కొత్త పాఠం.”

“అవును టీచర్,” అన్నారు మిగతా ముప్ఫైముగ్గురూ. ఒక్క గొంతుతో. మొన్నటి ఆ “ఓ” లాగే.

అత్తగారు కదల్లేదు.

పిల్ల ముఖంలో టీచర్ని గండం గట్టెక్కించానన్న తృప్తి కనబడుతోంది. తను ఏం చేసిందో దానికి తెలియదు. అది అబద్ధమని తెలుసుకోవడానికి అత్తగారికి ఉన్న దారి ఒక్కటే. ఆ దారిని నిన్న సాయంత్రం మామగారు చెరిపేశారు. ఇప్పుడు ఆవిడ దగ్గర ఉన్నవి రెండే. ఒక ఖాళీ ట్యాబ్, రాలేదంటున్న ఒక క్లాసు. ఇంతవరకూ చెప్పింది మాత్రమే మరిచిపోతున్నాను అనుకుంది ఆ మనిషి. వచ్చిందీ రానిదీ కూడా తెలియకుండా పోయిందా? రాకపోతే నిన్నంతా ఎక్కడున్నట్టు? ఏం చేసినట్టు? ఆ ప్రశ్నలన్నీ ఒకదాని వెంట ఒకటి ఆవిడ ముఖం మీదకు రావడం కోడలు చూస్తూ నిలబడింది.

“నిన్న సెలవు పెట్టారా? నాతో అనలేదే,” అంది హెడ్మిస్ట్రెస్ పక్కనుంచి, సగం తనలో తను.

వెనక ఎవరిదో కుర్చీ కిర్రుమంది. పెన్నులు ఆగాయి.

అత్తగారు తల తిప్పారు. హెడ్మిస్ట్రెస్ వైపు కాదు. పిల్లల మీదుగా, అతిథుల మీదుగా, తలుపు పక్క నిలబడ్డ కోడలి వైపు. ఆ కళ్ళు ఏమడుగుతున్నాయో ఆ గదిలో కోడలు ఒక్కదానికే తెలుసు. వచ్చారంటే పిల్ల అబద్ధం బయటపడుతుంది, దాని వెనక బుధవారాలన్నీ బయటపడతాయి, ఇరవై తొమ్మిదేళ్ళ మర్యాద ఈ వెనక గోడ దగ్గర రాలిపోతుంది. రాలేదంటే ఆవిడ దగ్గర్నుంచి ఒక రోజును తనే నిలువునా లాగేసుకున్నట్టు.

“నిన్న నేను రాలేదా, అమ్మాయ్?” అని అడిగారు అత్తగారు.

గారు లేదు, మీరు లేదు. అందరి ముందూ, ఇంట్లో పిలిచినట్టు.

కోడలు ట్యాబ్ వైపు చూసింది. మూల ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఇక్కడ తను ఏ మాట అంటే ఆ మాట అందులోకి వెళుతుంది. రేపు పొద్దున ఐదింటికి, దొడ్డివైపు గదిలో, చెవుల్లో పెట్టుకుని అత్తగారు దాన్నే వింటారు. విన్నదాన్నే నమ్ముతారు.

కోడలు నోరు తెరిచింది.